వేడి చేసిందని ఊరుకోకు

అమ్మడూ,

పెద్దమ్మ ఆశీస్సులు. నీకు మళ్లీ మూత్రంలో మంట మొదలైందని, ఈ ఏడాదిలో ఇది మూడోసారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చీరల షాపులో శ్రావణమాసం రద్దీ, పొద్దస్తమానం నిలబడి ఉండటం, సెలవడిగితే ముఖం చిట్లించే మేనేజరు, అన్నీ చెప్పుకొచ్చింది. మొదటి రెండుసార్లూ మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకున్నావట. రెండు రోజులు వేసుకుని, మంట తగ్గగానే మిగతావి డబ్బాలో పడేశావట. ఈసారి కూడా అలాగే చేస్తావేమోనని ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క పని చెయ్యి. తర్వాతి మాత్ర మింగకముందే మూత్రం కల్చర్ పరీక్షకి, అంటే అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకి ఇవ్వు. ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వచ్చిందంటే దాన్ని మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్ కిందే లెక్కేస్తారు. అలాంటప్పుడు గుడ్డిగా మందులు మింగడం తప్పు.

మన ఇళ్లలో మంట అనగానే వేడి చేసిందంటారు. సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు, పల్చటి మజ్జిగ తాగిస్తారు. తాగొద్దని నేననను. ఎండాకాలం నీళ్లు సరిగ్గా తాగకపోతే మూత్రం చిక్కబడి చురుక్కుమంటుంది, కడుపునిండా నీళ్లు తాగితే పూటలో సర్దుకుంటుంది. నీది అది కాదు. ఇప్పుడే వెళ్లొచ్చినా మళ్లీ వెళ్లాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలే రావడం, పొత్తికడుపులో నొప్పి, మూత్రం మబ్బుగా ఉండటం, ఇవన్నీ ఇన్ఫెక్షన్ లక్షణాలు. చాలామందిలో దీనికి కారణం ఈ.కోలై అనే బ్యాక్టీరియా. మన పేగుల్లో మామూలుగా ఉండేదే. అది మలద్వారం దగ్గర్నుంచి మూత్రనాళంలోకి పాకి, పైకి మూత్రాశయంలోకి ఎక్కితేనే గొడవ. ఆ నాళం మగవాళ్లలో సుమారు 20 సెంటీమీటర్లు ఉంటే మనకి ఉండేది సుమారు 4. పైగా మలద్వారానికి దగ్గర. ఆడవాళ్లకే ఇది ఎక్కువగా రావడానికి పెద్ద కారణం ఇదే. నువ్వు శుభ్రంగా ఉండవు కాబట్టే వస్తోందని ఎవరైనా అంటే మనసులో పెట్టుకోకు.

షాపులో అడగ్గానే ఇచ్చేవి సాధారణంగా సిప్రోఫ్లాక్సాసిన్, నార్ఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ లాంటివే. మన దేశంలో ఈ రకం మందులకి ఈ.కోలై చాలావరకు లొంగడం లేదని భారత వైద్య పరిశోధన మండలి నివేదికలు ఏటా చెబుతూనే ఉన్నాయి. వార్డులో నేను కళ్లారా చూశాను. మూడు నాలుగు రకాల మాత్రలు మార్చి మార్చి మింగి, చివరికి సెలైన్ స్టాండు పక్కన పడుకుని ఇంజక్షన్లు చేయించుకున్న అమ్మాయిలు ఎందరో. కల్చర్ చేస్తే అక్కడున్న క్రిమి ఏదో, అది ఏ మందుకి లొంగుతుందో, ఏ మందుకి లొంగదో రిపోర్టులో వరసగా రాసి ఇస్తారు. ఒక్క యాంటీబయాటిక్ మాత్ర పడ్డా ఆ లెక్క తారుమారు కావచ్చు. అందుకే పరీక్ష ముందు, మాత్ర తర్వాత.

శాంపిల్ సరిగ్గా పట్టకపోతే పరీక్షే పాడవుతుంది, కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. ల్యాబ్‌లో ఇచ్చే స్టెరైల్ డబ్బానే వాడు, ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. పొద్దున్నే లేవగానే పట్టేది మంచిది. చేతులు సబ్బుతో కడుక్కో. కింద మామూలు నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడుక్కో, డెటాల్ లాంటివి వద్దు. డబ్బా మూత తీసి, దాని లోపలి వైపు పైకి ఉండేలా పక్కన పెట్టు. డబ్బా లోపలా, మూత లోపలా వేలు తగలకూడదు. ఒక చేత్తో చర్మాన్ని పక్కకి జరిపి పట్టుకుని, మొదట వచ్చే మూత్రాన్ని టాయిలెట్లోకి వదిలెయ్. ధార ఆపకుండానే డబ్బా కిందకి పెట్టి, మధ్యలో వచ్చేది సగం డబ్బా దాకా పట్టు. చివరిది మళ్లీ టాయిలెట్లోకే. మూత బిగించి గంట, రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చు. ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టు, డీప్ ఫ్రీజర్‌లో కాదు. నెలసరిలో ఉంటే వాళ్లకి చెప్పు. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. అన్ని రోజులూ మంట ఓర్చుకోనక్కర్లేదు. శాంపిల్ ఇచ్చేశాక డాక్టరు మందు మొదలుపెట్టి, రిపోర్టు చూసి అవసరమైతే మారుస్తారు.

నీలాంటి వాళ్లకి మామూలుగా నైట్రోఫ్యూరాంటోయిన్ ఐదు రోజులు రాస్తారు, లేదంటే నీళ్లలో కలిపి ఒక్కసారే తాగే ఫాస్ఫోమైసిన్ పొడి ఇస్తారు. ఏది ఎవరికన్నది డాక్టరే తేల్చాలి, అందుకని నువ్వే పేరు చెప్పి కొనకు. నైట్రోఫ్యూరాంటోయిన్ రాస్తే తిన్న తర్వాతే వేసుకో, లేకపోతే వికారం పెడుతుంది. మూత్రం ముదురు పసుపుగానో గోధుమరంగుగానో వస్తే కంగారు పడకు, అది మందు రంగు. కిడ్నీ సమస్య ఉన్నా, జీ6పీడీ లోపం (కొన్ని మందులు పడితే ఎర్ర రక్తకణాలు చితికిపోయే, పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నా, గర్భం ఉందన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి. ఇంకో సంగతి. మంట తగ్గడానికని సిట్రేట్ సిరప్ తెచ్చి తాగుతుంటారు కదా. అది మంటకి కాస్త ఉపశమనమే గానీ క్రిములని చంపదు. పైగా మూత్రంలో పులుపు తగ్గితే నైట్రోఫ్యూరాంటోయిన్ బలం కూడా తగ్గుతుంది. రెండూ కలిపి వాడేముందు డాక్టర్ని అడుగు.

మాత్రల స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. యాంటీబయాటిక్స్ మీద ఆ గీతని గుర్తుపట్టమని మన కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రచారం కూడా చేసింది. రాసిన రోజులన్నీ వాడు. డబ్బాలో మిగిలిన పాత మాత్రలు నువ్వూ వేసుకోకు, పక్కింటామెకీ ఇవ్వకు.

చలితో వణికించే జ్వరం, నడుముకి ఒక పక్కన పక్కటెముకల కింద నొప్పి, వాంతులు వస్తే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా ఎక్కిందని అనుమానించాలి. అప్పుడు తెల్లారేదాకా ఆగకు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లిపో. మందు మొదలుపెట్టి రెండు రోజులైనా మంట తగ్గకపోయినా, మూత్రంలో రక్తం కనిపించినా డాక్టర్ని మళ్లీ కలవాలి.

ఇక మళ్లీ రాకుండా చూసుకోవడం. నీ విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. టాయిలెట్ నాలుగో అంతస్తులో ఉంది, కస్టమర్ని వదిలి వెళ్తే మాట పడాలి, అందుకని పొద్దున్నుంచీ నీళ్లు తాగడమే మానేశావు. షాపుల్లో, బస్సుల్లో, స్కూళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు ఎంతమంది ఇదే చేస్తున్నారో! నాకు కోపం వస్తుంది, వాళ్ల మీద కాదు, ఆ ఏర్పాట్ల మీద. నీళ్లు తాగకపోతే మూత్రం తక్కువ తయారవుతుంది, క్రిములు బయటకి కొట్టుకుపోవు, గంటలకొద్దీ లోపలే పెరుగుతాయి. మళ్లీ మళ్లీ ఈ ఇన్ఫెక్షన్ వస్తూ, నీళ్లు తక్కువ తాగే అలవాటున్న 140 మంది ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. రోజూ తాగే దానికి మరో లీటరున్నర నీళ్లు కలిపి తాగినవాళ్లకి ఏడాదిలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. మందు లేదు, మాకు లేదు. కౌంటర్ కింద లీటరు సీసా పెట్టుకో, మధ్యాహ్నం భోజనంలోపు ఒకటి, షాపు మూసేలోపు ఇంకొకటి. మూత్రం లేత పసుపులో ఉంటే చాలు. మూడు నాలుగు గంటలకోసారి వెళ్లి రా, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా తొందరపడి లేవకు. మేనేజరుతో నువ్వొక్కదానివే మాట్లాడకు, మీ ఫ్లోర్ ఆడపిల్లలంతా కలిసి అడగండి.

కడుక్కునేటప్పుడు, జెట్ స్ప్రే అయినా సరే, ముందు నుంచి వెనక్కే. టీవీలో చూపించే ప్రత్యేక లిక్విడ్లు లోపల వాడొద్దు, అక్కడుండే మంచి బ్యాక్టీరియా పోతుంది. క్రాన్‌బెర్రీ అనే పుల్లటి పండు రసం, మాత్రల గురించి అడుగుతావేమో. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకి కొంత అడ్డుపడుతుంది గానీ వచ్చిన ఇన్ఫెక్షన్ని తగ్గించదు. నీ జీతంలోంచి దానికి డబ్బు పోయనక్కర్లేదు.

నీకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు, కాబట్టి ఇది కూడా మొహమాటం లేకుండా చెబుతాను. భార్యాభర్తలు కలిశాక ఈ ఇన్ఫెక్షన్ రావడం చాలా మామూలు. ఆ కదలికలో క్రిములు నాళంలోకి చేరతాయి, అంతే. అతను అంటించిన జబ్బు కాదు, నీ తప్పూ కాదు. అయ్యాక లేచి మూత్రానికి వెళ్లి రా. ప్రతిసారీ ఆ తర్వాతే మంట వస్తుంటే డాక్టరుకి ఆ మాట చెప్పు, దానికి వేరే పద్ధతిలో మందు ఇస్తారు. దురద, తెల్లబట్ట ఉంటే అది కూడా దాచకు, అది వేరే సమస్య అయ్యుండొచ్చు. నెల తప్పితే మాత్రం ఏ మాత్ర అయినా డాక్టర్ని అడిగాకే. గర్భిణికి మంట లేకపోయినా మూత్రంలో క్రిములున్నట్టు తేలితే వైద్యం చేయాలి.

మిగతావాళ్లకి ఆ లెక్క వేరు. మొన్న మీ అమ్మ హెల్త్ చెకప్‌లో మూత్రంలో బ్యాక్టీరియా ఉందని రాశారట, మంటా లేదు, జ్వరమూ లేదు. షుగరున్నా సరే, లక్షణాలు లేకుండా ఊరికే యాంటీబయాటిక్ వాడకూడదు. ఆమెకి ముట్లు ఆగిపోయాక తరచూ ఇన్ఫెక్షన్ వస్తుంటే లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ బాగా పనిచేస్తుంది, గైనకాలజిస్టుని అడగమను. మీ మామగారికి రాత్రిళ్లు పదే పదే లేవడం, ధార సన్నగా రావడం ఉందన్నావు. మగవాళ్లకి ఇన్ఫెక్షన్ వస్తే వెనక ప్రోస్టేటో, రాయో ఉందేమో చూడాల్సిందే. ఆయన్ని యూరాలజిస్టుకి చూపించండి, మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకురావొద్దు.

రేపు షాపుకి వెళ్లేముందే ల్యాబ్‌కి వెళ్లు. డబ్బా ఇవాళ సాయంత్రమే తెచ్చి పెట్టుకో. రిపోర్టు రాగానే ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు, చదివి అర్థమయ్యేలా చెబుతాను. మందు మాత్రం డాక్టరు రాసిందే.

నీ
పెద్దమ్మ