అమ్మానాన్నలతో, పిల్లలతో, స్నేహితులతో: ఎవరికి ఏ క్రూయిజ్

అమెరికా వచ్చి ఏడాదో రెండేళ్ళో అయ్యాక చాలామంది అడిగే ప్రశ్న ఇది. "వేసవిలో అమ్మానాన్నలు వస్తున్నారు, పాపకు రెండేళ్ళు, అందరం కలిసి క్రూయిజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఏ కంపెనీ మంచిది?" నేను వెంటనే పేరు చెప్పను. మీలో ఎక్కువ దూరం నడవలేనివారు ఎవరు, పెద్దవాళ్ళు రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, పాప డయపర్ మానేసిందా, ఎవరి పాస్‌పోర్టు ఏ దేశానిది అని తిరిగి అడుగుతాను. వీటికి జవాబులు వచ్చేసరికి కంపెనీ పేరు దాదాపు తేలిపోతుంది.

మా మొదటి క్రూయిజ్ తర్వాతే ఇలా అడగడం నేర్చుకున్నాను. అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు ఫ్లోరిడా నుంచి వెళ్ళే నాలుగు రాత్రుల షిప్ ఒకటి చవకగా కనబడింది. కేబిన్ నంబర్ కంపెనీవాళ్ళే కేటాయించే పద్ధతిలో ఇంకొంచెం తగ్గింది. ఆలోచించకుండా కట్టేశాను. కిటికీ లేని లోపలి గది వచ్చింది, అదీ సరిగ్గా స్విమ్మింగ్ పూల్ ఉన్న డెక్ (షిప్ అంతస్తు) కింద. అర్ధరాత్రి దాటేదాకా నెత్తిమీద పాటలు, తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే చప్పుడు. నాన్నకు రెండు రాత్రులు కంటిమీద కునుకు లేదు. మోకాళ్ళ నొప్పితో అమ్మ ఈ చివరి నుంచి ఆ చివరి డైనింగ్ హాలుకు రోజుకు మూడుసార్లు నడిచింది. మూడో రోజు ఇద్దరూ గదిలోంచి బయటికి రాలేదు. అడిగితే "చాలా బావుందిరా" అన్నారు. ఇంటికొచ్చి రెండు రోజులు పగలూ రాత్రీ పడుకుంటే అప్పుడర్థమైంది నాకు. ఆ షిప్‌లో తప్పేం లేదు. మా పక్క గదుల్లోని కుర్రాళ్ళు ఎంతో సంతోషంగా గడిపారు. నా వయసుకు నచ్చేదాన్ని చూసి అమ్మానాన్నలను ఎక్కించాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే మొదట కంపెనీ పేరు పక్కన పెట్టి, ఎన్ని రాత్రులు, ఏ నెల అన్నది చూడమంటాను. మూడు నాలుగు రాత్రుల వారాంతపు ప్రయాణాల్లో కుర్రకారు, పార్టీ వాతావరణం ఎక్కువ. ఏడు రాత్రులంటే కుటుంబాలు. పది, పద్నాలుగు రాత్రులంటే రిటైరైనవాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు, ఎందుకంటే అన్ని రోజులు సెలవు దొరికేది వాళ్ళకే. ఒకే కంపెనీలో, ఒకే షిప్‌లో కూడా ఈ తేడా తెలుస్తుంది. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ సెలవులకు వచ్చే కాలేజీ పిల్లలతో నిండిపోతుంది. జూన్, జూలై, క్రిస్మస్ సెలవుల్లో ఎటు చూసినా చిన్నపిల్లలే. సెప్టెంబర్‌లో బడులు తెరిచాక షిప్ ప్రశాంతంగా ఉంటుంది, ధర కూడా దిగుతుంది. కానీ జూన్ నుంచి నవంబర్ వరకు కరేబియన్ వైపు హరికేన్ల కాలం కాబట్టి ఒక్కోసారి వెళ్ళాల్సిన పోర్టే మారిపోతుంది. దానికి సిద్ధపడి వెళ్ళాలి.

ఇక కంపెనీల సంగతి. పేర్లు చాలా వినిపిస్తాయి గానీ పెద్ద గ్రూపులు కొన్నే. కార్నివాల్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, క్యునార్డ్, సీబోర్న్ ఒకే గ్రూపువి. రాయల్ కరేబియన్, సెలెబ్రిటీ, సిల్వర్‌సీ మరో గ్రూపు. నార్వీజియన్, ఓషియానియా, రీజెంట్ ఇంకొకటి. ఒక్కో వయసుకూ ఒక్కో జేబుకూ తగ్గట్టు ఒక్కో పేరు పెట్టుకున్నారు. ఇది తెలిస్తే ఎంపిక సగం తేలికవుతుంది.

స్నేహితులతో వెళ్ళే కుర్రవాళ్ళకు కార్నివాల్ బావుంటుంది: సరదా, సందడి, తక్కువ ఖర్చు. పిల్లల గోల వద్దనుకునే జంటలకు వర్జిన్ వాయేజెస్ ఉంది. 2021లో మొదలైంది, 18 దాటినవారినే ఎక్కించుకుంటారు. ఫలానా టైముకు ఫలానా టేబుల్ దగ్గర కూర్చోవాలంటే చిరాకుపడేవాళ్ళకు నార్వీజియన్ నచ్చుతుంది. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకూ నేను ముందు అదే చెప్తాను. మామూలుగా ఒక్కరే వెళ్ళినా ఇద్దరికి సరిపడా డబ్బు దాదాపుగా కట్టాల్సి వస్తుంది. ఈ కంపెనీ 2010లో ఎపిక్ అనే షిప్‌తో ఒక్కరి కోసమే చిన్న స్టూడియో గదులు పెట్టింది. వాళ్ళంతా కూర్చుని కబుర్లు చెప్పుకునే లాంజ్ కూడా విడిగా ఉంటుంది. కొత్తగా వచ్చి ఎవరూ తెలియనివాళ్ళకు అది పెద్ద ఊరట.

స్టూడెంట్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. అమెరికా నుంచి బయల్దేరే చాలా షిప్పుల్లో 21 ఏళ్ళు నిండనివారిని పెద్ద తోడు లేకుండా ఎక్కనివ్వరు. కార్నివాల్‌లో అయితే ఆ తోడు వచ్చేవారికి 25 నిండాలి. గ్యాంగులో ఒక్కరికి 20 ఏళ్ళున్నా బుక్ చేసేముందే రూల్ చూసుకోండి, పోర్టు దాకా వెళ్ళి వెనక్కి రావడం చాలా బాధగా ఉంటుంది.

చిన్నపిల్లలున్న ఇంటికి డిస్నీ, రాయల్ కరేబియన్ రెండే ముందు గుర్తొస్తాయి. డిస్నీ షిప్పుల్లో కసీనో ఉండదు. రోజుకో రెస్టారెంట్‌లో భోజనం పెట్టినా వడ్డించేవాళ్ళు మాత్రం మీతోపాటే మారుతారు. రెండో రోజుకల్లా పాపకు ఏం ఇష్టమో వాళ్ళకు తెలిసిపోతుంది. ధర మాత్రం ఎక్కువే. పిల్లలకు ఎనిమిది, పది దాటాయంటే నేను రాయల్ కరేబియన్ వైపే మొగ్గుతాను. సర్ఫింగ్ మెషిన్, ఎక్కే గోడ, ఐస్ రింక్ ఉన్న పెద్ద షిప్పుల్లో టీనేజ్ పిల్లలు ఫోన్ పక్కన పెడతారు. అది ఇంట్లో జరగని పని.

రెండేళ్ళ పాప ఉన్నవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. కిడ్స్ క్లబ్ చాలా చోట్ల మూడేళ్ళ నుంచే, అదీ డయపర్ మానేసిన పిల్లలకే. కార్నివాల్ రెండేళ్ళ నుంచి తీసుకుంటుంది. డిస్నీలో, రాయల్ కరేబియన్ షిప్పుల్లో చాలావాటిలో, అంతకన్నా చిన్నపిల్లలకు డబ్బు తీసుకుని చూసుకునే నర్సరీ ఉంటుంది. డయపర్‌తో మామూలు పూల్‌లోకి దిగనివ్వరు, స్విమ్ డయపర్ వేసినా అంతే. ఆరు నెలలు నిండని పసివాళ్ళను చాలా కంపెనీలు అసలు ఎక్కించుకోవు. మహాసముద్రం దాటే ప్రయాణాలకైతే ఏడాది నిండాలి. గర్భిణులకూ లెక్క ఉంది: ప్రయాణం ముగిసేలోపు 24వ వారంలోకి వచ్చేట్టయితే ఎక్కనివ్వరు. బయల్దేరే రోజు లెక్క కాదు, తిరిగొచ్చే రోజు లెక్క. ఇక్కడ పొరబడినవాళ్ళను చూశాను.

ఇప్పుడు పెద్దవాళ్ళ గురించి. హాలండ్ అమెరికా 1873 నాటి కంపెనీ. షిప్పులు మరీ పెద్దవి కావు, సాయంత్రాలు సంగీతంతో నెమ్మదిగా గడుస్తాయి. ప్రిన్సెస్ కూడా దాదాపు అదే కోవలోది, కాకపోతే కుటుంబాలు ఇంకొంచెం ఎక్కువ. సెలెబ్రిటీ నలభైలు, యాభైల్లో ఉన్నవాళ్ళకు బావుంటుంది. వైకింగ్ 18 దాటినవారికే, కసీనో లేదు, షిప్‌కు వెయ్యిలోపు మందే. చరిత్ర, మ్యూజియంలు ఇష్టపడే పెద్దవాళ్ళకు అంతకన్నా మంచిది నేను చూడలేదు, ఖర్చు భరించగలిగితే. రాత్రి భోజనానికి సూటు వేసుకుని పద్ధతిగా ఉండడం ఇష్టమైతే క్యునార్డ్ ఉంది. నాన్న లాంటివాళ్ళకు అది శిక్షే.

పెద్దవాళ్ళ విషయంలో షిప్ సైజు చూడండి. 2024లో మొదలైన ఐకాన్ ఆఫ్ ది సీస్ పొడవు సుమారు 365 మీటర్లు, ఏడు వేల మందికి పైగా పట్టే షిప్. యువతకు పండగ. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు మాత్రం గదికీ భోజనాల హాలుకీ మధ్య ఉన్న దూరమే రోజుకు సరిపడా నడక. పోర్టులో షిప్ ఒడ్డుకు ఆనుకుంటుందా, లేక చిన్న పడవల్లోకి దింపి తీసుకెళ్తారా అన్నదీ చూడాలి. ఆ పడవలను టెండర్లంటారు. గ్రాండ్ కేమన్, సాంటొరిని, కాబో సాన్ లూకస్ అలాంటివే. ఊగే పడవలోకి అడుగు వేయలేనివాళ్ళు ఆ రోజంతా షిప్‌లోనే ఉండిపోవాలి.

ఈ లెక్కలన్నీ చూసుకుని రెండోసారి అమ్మానాన్నలను అలాస్కా తీసుకెళ్ళాం, ఏడు రాత్రులు. వచ్చే పెద్దవాళ్ళకు నేను మొదట చెప్పేది అదే. మంచుకొండలు చూడడానికి దిగి నడవక్కర్లేదు. గ్లేసియర్ బే అనే నేషనల్ పార్కులోకి రోజుకు రెండు క్రూయిజ్ షిప్పులకు మించి అనుమతించరు. ఆ అనుమతుల్లో ఎక్కువ భాగం హాలండ్ అమెరికా, ప్రిన్సెస్‌లకే ఉన్నాయి. పార్కు రేంజర్లు షిప్ ఎక్కి మైకులో వివరిస్తారు, షిప్ మంచు గోడ ముందు నెమ్మదిగా తిరుగుతుంది. నాన్న కంబళి కప్పుకుని బాల్కనీలో మూడు గంటలు కూర్చున్నారు, టీకి కూడా లేవలేదు. అలాస్కా టికెట్ కొనేముందు ఆ పార్కు పేరు రూట్‌లో ఉందో లేదో చూడండి, అన్ని షిప్పులూ అక్కడికి వెళ్ళవు.

అలాస్కా అనగానే "అది అమెరికాయే కదా, వీసా టెన్షన్ లేదు" అనుకుంటారు. ఉంది. 1886 నాటి చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న, అంటే వేరే దేశంలో రిజిస్టరైన షిప్, మధ్యలో మరో దేశంలో ఆగకుండా అమెరికా పోర్టుల మధ్య ప్రయాణికులను తిప్పకూడదు. క్రూయిజ్ షిప్పులు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్ నుంచి వెళ్ళేవి కెనడాలోని విక్టోరియా లాంటి చోట ఒక్క సాయంత్రమైనా ఆగుతాయి. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా వీసా కావాలి. మీరు అక్కడ దిగకపోయినా అడుగుతారు. గ్రీన్ కార్డ్ ఉన్నవారికి కార్డు, చెల్లే పాస్‌పోర్టు చాలు. అమ్మానాన్నల కోసం ఆ వీసాకు నెలల ముందే అప్లై చేయండి.

పాస్‌పోర్టులో హెచ్1బీ (ఉద్యోగ వీసా) స్టాంపింగ్ గడువు ముగిసినవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. గడువు ముగిసిన ఆ స్టాంపుతోనే కెనడా, మెక్సికోలకు 30 రోజుల్లోపు వెళ్ళిరావడానికి ఉన్న సడలింపు కరేబియన్ దీవులకు వెళ్ళే హెచ్1బీ వాళ్ళకు వర్తించదు. మూడు రాత్రుల బహామాస్ ట్రిప్ కూడా దేశం దాటి వెళ్ళినట్టే. పాస్‌పోర్టు లేకుండా బర్త్ సర్టిఫికెట్‌తో వెళ్ళొచ్చని ఆఫీసులో ఎవరైనా చెప్తే అది అమెరికా పౌరుల సంగతి, మనకు కాదు. అనుమానముంటే డబ్బు కట్టేముందే లాయర్‌ను అడగండి.

మూడు తరాలు కలిసి వెళ్ళేటప్పుడు ఎవరి పక్షం వహించాలి? నేనైతే పెద్దవాళ్ళ పక్షమే. రెండేళ్ళ పాప నీళ్ళు కనిపిస్తే చాలు ఎక్కడైనా ఆడుకుంటుంది. డెబ్భై ఏళ్ళ మనిషికి నిద్ర, మెట్లు, భోజనం కుదరకపోతే ఏదీ కుదరదు. ప్రిన్సెస్‌లోనో సెలెబ్రిటీలోనో మధ్యస్థంగా ఉండే షిప్, ఏడు రాత్రులు, లిఫ్ట్‌కు దగ్గరగా పక్కపక్కన రెండు గదులు చూడండి. పాపకు ఒకట్రెండు జారుడుబల్లలు తగ్గుతాయి, తగ్గనీయండి. శాకాహారులైతే బుకింగ్‌లోనే రాయించి, మొదటి రాత్రి డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌తో స్వయంగా మాట్లాడండి. చాలా షిప్పుల్లో మరుసటి రోజు నుంచి విడిగా వండి పెడతారు. పెద్దవాళ్ళ విజిటర్ ఇన్సూరెన్స్ సముద్రం మీద, వేరే దేశంలో చెల్లుతుందో లేదో ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి, జవాబు చేతిలో ఉంచుకోండి. షిప్‌లోని డాక్టర్ దగ్గర బిల్లు అక్కడికక్కడే కట్టాలి, అదేమీ చిన్న మొత్తం కాదు.

చివరగా గది. డబ్బు కట్టేముందు డెక్ ప్లాన్ తెరిచి, మీ గదికి పైన, కింద ఏముందో చూడండి. పైనా కిందా కూడా గదులే ఉన్న డెక్ తీసుకోండి. షిప్ నడుమ భాగంలో, మరీ పై అంతస్తు కాకుండా ఉంటే కుదుపు తక్కువ, వాంతుల భయమూ తక్కువ. పెద్దవాళ్ళకు వీలైతే బాల్కనీ, లేదంటే కనీసం కిటికీ ఉన్న గది. లోపలి గదిలో పగలో రాత్రో తెలియక అమ్మ తెల్లవారుజామున రెండింటికే స్నానం చేసి కూర్చుంది.