పంట పోయింది కౌలు రైతుకు, పరిహారం పడింది ఆసామికి

ప్రశ్న: మాది ఎన్టీఆర్ జిల్లా. నాన్న నాలుగెకరాలు నోటిమాట మీద కౌలుకు చేస్తున్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకు వరి అంతా కుళ్లిపోయింది. రెండు పాడి గేదెలు చచ్చిపోతే పూడ్చిపెట్టాం. ప్రభుత్వ పంటల నమోదు ఈ-క్రాప్‌లో పొలం ఆసామి పేరే ఉండటంతో పరిహారం 40 వేలు ఆ నెలాఖరున ఆయన ఖాతాలో పడింది. అడిగితే ‘పడ్డాయి లేరా, మక్తా (కౌలు డబ్బు) లెక్కలో చూసుకుందాం’ అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ తర్వాత ఫోనెత్తడం లేదు. పాత స్టాంపు పేపరు ఉందని, కౌలు పత్రం రాసి ఆసామి సంతకం తానే పెడతానని ఊళ్లో ఒకాయన అంటున్నాడు. అప్పులతో నాన్న కుంగిపోయారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ స్టాంపు పేపరు ఆలోచన మానుకోండి. ఆసామి సంతకం ఇంకొకరు పెడితే అది ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద కేసవుతుంది. స్టాంపు ఎప్పుడు, ఎవరి పేరున అమ్మారో వెండరు రిజిస్టరులో ఉంటుంది. ఇప్పుడు తప్పు ఆసామిది. ఆ కాగితం కోర్టులో పెట్టిన రోజు ముద్దాయి మీ నాన్న అవుతారు.

అసలు మీకు ఆ కాగితంతో పనే లేదు. ఆ ఖరీఫ్‌లో సేద్యం చేసింది ఎవరు? కేసు తేలేది ఈ ఒక్క ప్రశ్న మీదే. ఈ-క్రాప్ నమోదు ఒక సాక్ష్యం మాత్రమే, దాన్ని వేరే సాక్ష్యంతో కొట్టేయవచ్చు. మీ నాన్న పేరున ఎరువుల బిల్లులు, మక్తా కట్టిన ఫోన్‌పే వివరాలు, దమ్ము చేసిన ట్రాక్టరాయన, పక్క పొలం రైతులు, వీటన్నిటికీ మించి ఆ వాయిస్ మెసేజ్. డబ్బు ముట్టిందని, మీ నాన్నకు మక్తా లెక్క ఉందని ఆయన నోటితోనే అన్నాడు. ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి, రీసెట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్‌తో దాన్ని దాఖలు చేయాలి.

దావా ప్రభుత్వం మీద కాదు, ఆసామి మీద. మీకు చెందాల్సిన డబ్బు ఆయన అందుకున్నాడు కాబట్టి లిమిటేషన్ చట్టం 24వ ఆర్టికల్ కింద, ఆయనకు డబ్బు ముట్టిన రోజు నుంచి మూడేళ్లు. అంటే 2027 సెప్టెంబరు నెలాఖరు. వాయిస్ మెసేజ్‌తో ఈ గడువు పెరగదు. బాకీ ఒప్పుకుంటూ గడువులోగా రాసి సంతకం చేసిన కాగితానికే ఆ బలం ఉంటుంది. ‘వచ్చే పంటకు చూద్దాం’ అంటూ తిప్పుకునేవాళ్లు ఎదురుచూసేది ఈ గడువు దాటడం కోసమే.

గేదెల విషయంలో మాత్రం తప్పు మీదే. ఆ వరదనాటి విపత్తు నిధి నిబంధనల్లో పాడి గేదెకు 37,500 రూపాయలు, కుటుంబానికి మూడింటి దాకా ఉంది. కానీ చావును పశువైద్యాధికారి ధ్రువీకరించాలి. కబురైనా చేయకుండా పూడ్చేసి ఇప్పుడు అడిగితే ఏ అధికారి సంతకం పెడతాడు? చెవి ట్యాగు నంబరు, ఫొటోలు ఉంటే కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

40 వేల కోసం లాయరు ఫీజులంటే టెన్షన్ పడక్కర్లేదు. న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం వరద బాధితులకు ఉచిత న్యాయ సహాయం ఉంది. ఇది చాలామందికి తెలియదు, చెప్పేవాళ్లూ తక్కువే. ఆసామికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, మండల న్యాయసేవల కమిటీలో కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టండి. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, కోర్టు ఫీజు ఉండదు. కుదరకపోతే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేయండి. లోక్ అదాలత్‌లో ఉందని గడువు ఆగుతుందనుకోవద్దు.

ఇకపై కౌలుకు దిగేముందు 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సీసీఆర్సీ (పంట సాగుదారు హక్కు) కార్డు తీసుకోండి. పదకొండు నెలలకే ఇస్తారు, భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. సంతకానికి జంకే ఆసామికి ఆ మాట చూపించండి. ఈ-క్రాప్ చేసే రోజు పొలంలో ఉండి, ఎవరి పేరు ఎక్కిందో చూసుకుని రండి.