మేనల్లుడి కారు ఖర్చుల గురించి చెల్లెలికి

జయనగర, బెంగళూరు

చి.ల.సౌ. చెల్లెలికి అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఫోనులో నువ్వు గంటసేపు చెప్పినదంతా విన్నాను. మరునాడు బావగారు విడిగా ఫోను చేసి చెప్పినదీ విన్నాను. సంపాదిస్తున్న కొడుకు నడిపే కారుకు తండ్రి ఇంకా ఎందుకు కట్టాలని నువ్వు అడుగుతున్నావు. కట్టకపోతే బ్యాంకువాళ్లు ఎవరిని పట్టుకుంటారని ఆయన అడుగుతున్నారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. అయితే ఆయన ప్రశ్నకు జవాబు తేలకుండా నీ ప్రశ్న మీద ఎంత వాదించుకున్నా గొంతు నొప్పి తప్ప మరేమీ మిగలదు. బ్యాంకులో అప్పుల విభాగంలో ఏళ్ల తరబడి కూర్చున్నవాడిని కనుక, ఇలాంటి తగాదాలు నా బల్ల ముందుకు చాలాసార్లు వచ్చాయి. ఆ అనుభవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు కాగితాల మీద ఏముందో చూద్దాం. లోను బావగారి పేరున ఉంది, ఆర్‌సీ కూడా ఆయన పేరుననే ఉంది. ఆరు లక్షల అప్పు, తొమ్మిది శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు, నెలకు 12,455 రూపాయల ఈఎంఐ. సగం తాను కడతానన్న అబ్బాయి మూడు నెలలు కట్టి ఆపేశాడు. బావగారు నీతో చెప్పకుండా పూర్తి మొత్తం కట్టుకుంటూ వచ్చారు, ఆ సంగతి ఉగాది నాడు అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు బయటపడింది. ఈఎంఐ ఒక్క నెల తప్పినా దెబ్బతినేది బావగారి సిబిల్ స్కోరే, అంటే అప్పులు సరిగా తీరుస్తారా అని బ్యాంకులు చూసే మార్కులే, కాని అబ్బాయివి కావు. కారు ఎవరినైనా గుద్దితే పరిహారం కేసులో అబ్బాయితోపాటు ఆర్‌సీలో పేరున్నవారిని కూడా నిలబెడతారు. బండిని వేరొకరికి అమ్మేసి పేరు మార్పించకుండా వదిలేసినా రిజిస్టరు ప్రకారం ఉన్నవారే యజమాని అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మేసినవారి పరిస్థితే అదైతే, ఇంట్లో కొడుక్కి తాళం చెవి ఇచ్చిన తండ్రి పరిస్థితి వేరే చెప్పాలా?

అందుచేత ఖర్చులను కారు ఎవరు వాడుతున్నారన్న లెక్కన కాకుండా, కట్టకపోతే ఎవరి మీద పడుతుందన్న లెక్కన పంచుకోమని నా సలహా. ఏది ఆగితే బావగారి నెత్తిన పడుతుందో, అంటే ఈఎంఐ, ఇన్సూరెన్సు, ఏడాది నిండగానే చేయించవలసిన పొగ పరీక్ష, వీటిని బావగారే తన ఖాతా నుంచి గడువు తప్పకుండా కట్టాలి, అబ్బాయి వాటాను తరువాత వసూలు చేసుకోవాలి. ఏది ఆగితే అబ్బాయికి మాత్రమే ఇబ్బందో, అంటే పెట్రోలు, ఫాస్టాగ్ రీచార్జి, ఆఫీసు పార్కింగు, కడిగించడం, వాటిని పూర్తిగా వాడికే వదిలేయాలి. శనివారం తెల్లవారుజామున స్నేహితులతో నంది కొండకు వెళ్తే సాదహళ్లి టోలు ఎవరు కట్టాలన్న చర్చ మీ ఇంటి వంటగదిలోకి రావలసిన అవసరమే లేదు.

ఈ తేడా నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. మా పెద్దవాడికి ఉద్యోగం వచ్చిన కొత్తలో నా పేరు మీద ఒక పాత కారు కొన్నాను, ఇన్సూరెన్సు ప్రీమియం వాడు కట్టాలని అనుకున్నాము. వాడు నేను కట్టాననుకున్నాడు, నేను వాడు కట్టాడనుకున్నాను, పాలసీ పదకొండు రోజులపాటు లేకుండా పోయింది. సరిగ్గా ఆ పదకొండు రోజుల్లోనే వాడు ఇందిరానగరలో ఆగి ఉన్న ఒక ఆటోను తగిలించాడు. మనుషులకు ఏమీ కాలేదు కనుక పద్నాలుగు వేలతో బయటపడ్డాము. ఆ పద్నాలుగు వేలూ నేనే ఇచ్చి మీ వదినకు ఆరు నెలలు చెప్పలేదు. బయటపడిన రోజు ఆమె డబ్బు గురించి ఒక్క మాట కూడా అనలేదు, తనకు తెలియకుండా ఇంకా ఏమేమి కట్టానో మాత్రమే అడిగింది. బావగారు ఇప్పుడు నీ ఎదుట తలవంచుకోవడానికి కారణం నాకు ఎందుకు అర్థమైందో ఇప్పుడు నీకూ తెలిసింది కదా. ఆయన్ని మరీ సాధించకు.

మీ ఇన్సూరెన్సు విషయంలో ఒక మెలిక ఉంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా, ఒకేసారి తీసుకోవాలన్న నియమం ఉంది కనుక అది మీకు ఇంకా రెండేళ్లకు పైగా ఉంటుంది. మరో మూడు నెలల్లో తీరేది సొంత బండికి జరిగే నష్టం తాలూకు భాగం మాత్రమే. థర్డ్ పార్టీ ఉంది కదా అని దాన్ని వదిలేస్తే రేపు బండికి ఏమైనా ఖర్చంతా మీదే. ఇక మొన్నటి బంపరు బిల్లు ఆరు వేలు క్లెయిము చేయాలా, అబ్బాయి జేబులోంచి కట్టించాలా అన్న ప్రశ్న. మీ పాలసీలో జీరో డిప్రిసియేషన్, అంటే భాగాల అరుగుదల తీసివేయకుండా పూర్తి ఖర్చు ఇచ్చే సదుపాయం, లేదన్నావు. అప్పుడు ప్లాస్టిక్ భాగానికి సగమే లెక్కకు వస్తుంది, అందులోంచి తప్పనిసరి కోత వెయ్యి పోతుంది, చేతికి వచ్చేది సుమారు రెండు వేలు. ఆ రెండు వేల కోసం క్లెయిము లేని మొదటి ఏడాదికి వచ్చే ఇరవై శాతం బోనసు, అంటే ప్రీమియంలో తగ్గింపు, పోతుంది, అది ఐదేళ్లలో యాభై శాతం దాకా పెరిగేది కూడా మళ్లీ మొదటికి వస్తుంది. ఆ బోనసు కారుది కాదు, బావగారిది. రేపు ఈ బండి అమ్మి ఇంకొకటి కొన్నా దాన్ని వెంట తీసుకువెళ్లవచ్చు. కనుక ఆ ఆరు వేలూ అబ్బాయే కట్టాలి. నలభై వేల బిల్లు వస్తే మాత్రం ఎవరినీ నిందించకుండా క్లెయిము చేయండి.

చలానాల సంగతి తేలికే. కూడళ్లలో కెమెరాలు పట్టిన జరిమానా కబురు యజమాని ఫోనుకే వస్తుంది, దాన్ని ఏ వ్యాఖ్యా లేకుండా అబ్బాయికి పంపించమని బావగారితో చెప్పు. రాయితీ ప్రకటించినప్పుడు కడదామని కూడబెట్టుకునే అలవాటు మన ఊళ్లో చాలామందికి ఉంది, దాన్ని మీ ఇంటికి రానివ్వకండి.

వాడి వాటా ఎంత ఉండాలన్నది నువ్వు నన్ను సూటిగా అడిగావు. నలభై ఐదు వేలు చేతికి వచ్చేవాడు ఈఎంఐలో సగం, సుమారు ఆరువేల రెండు వందలు, ఇవ్వగలడు. రామమూర్తినగర నుంచి వైట్‌ఫీల్డ్‌కు రోజూ కారులోనే వెళ్తే రానూపోనూ ముప్పయి కిలోమీటర్ల లెక్కన, ఈ ట్రాఫిక్కులో, పెట్రోలుకే నెలకు ఐదు వేలు దాటుతుంది. వాడి ఈఎంఐ వాటా ఆ పెట్రోలుకే పోతోందని నా అనుమానం. కె.ఆర్.పురం మీదుగా వైట్‌ఫీల్డ్ దాకా మెట్రో ఉంది. వారానికి మూడు రోజులు అందులో వెళ్తే వాడి వాటా అక్కడే దొరుకుతుంది. ఇది నువ్వు చెబితే సణుగుడు అవుతుంది, వాడి చేతే నెల లెక్క వేయించు. ఆ ఆరు వేలు జీతం పడిన మరునాడే బ్యాంకు ద్వారా తనంతట బావగారి ఖాతాకు వెళ్లేలా పెట్టించండి. ప్రతి నెలా తండ్రి అడగడం, కొడుకు ముఖం చిట్లించడం ఉండకూడదు. వాటా రాని నెల తరువాతి నెల తాళం చెవి ఇంట్లో ఉంటుందని కోపం లేని రోజునే చెప్పి ఉంచండి. మీ అత్తగారు పెన్షనులోంచి వాడి జేబులో పెట్రోలు డబ్బులు పెడుతున్నారని విన్నాను. ఆమెను ఆపగలిగినవాళ్లు మన రెండు కుటుంబాల్లోనూ ఎవరూ లేరు కనుక దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఈ కారు అమ్మేసి హిందూపురంలో బావగారి తమ్ముడి పాత కారు తెచ్చుకుందామన్న ఆలోచన మాత్రం నాకు నచ్చలేదు. ఏపీ నంబరు బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, కర్ణాటక జీవితకాలపు పన్ను కట్టాలి, అక్కడ కట్టిన పన్నులో వాపసు కోసం తిరగాలి. పైగా ఆర్‌సీ ఇంకొకరి పేరున ఉంటే ఇప్పుడు తండ్రీ కొడుకుల మధ్య ఉన్న పేచీ అన్నదమ్ముల మధ్యకు చేరుతుంది. రెండేళ్లు ఆగి, అబ్బాయి జీతం కుదుటపడ్డాక మిగిలిన అప్పు వాడే తీర్చి, బ్యాంకు అనుమతితో పేరు మార్పించుకుంటే అప్పటి నుంచి అన్నీ వాడివే.

చివరికి పెద్దమ్మాయి మాట. తాను ఉద్యోగంలో చేరినప్పుడు బీఎంటీసీ సిటీ బస్సు పాసు తీసుకోమన్నారని ఆమె అన్నప్పుడు నువ్వు విసుక్కున్నావట. ఆమె కారు అడగలేదు, తమ్ముడికి డౌన్ పేమెంటు రెండు లక్షలు ఇచ్చిన సంగతి మూడో మనిషి ద్వారా తెలిసిందని బాధపడింది. ఆ రెండు లక్షలు అబ్బాయికి ఇచ్చినట్టు రాసుకుని, అంతే మొత్తం ఆమె పేరున వేయడానికి ఎన్నాళ్లు పడుతుందో మీరిద్దరూ ముందు అనుకుని, ఆ తేదీ ఆమెకు మీ నోటితో చెప్పండి.

ఆదివారం ఉదయం టిఫిను వేళకు వస్తాను. లోను స్టేట్‌మెంటు, ఇన్సూరెన్సు పాలసీ, ఆర్‌సీ తీసి ఉంచు. అబ్బాయిని ఆ పూట నంది కొండకు వెళ్లకుండా ఇంట్లో ఉండమను, లెక్క రాయవలసింది వాడే.

ఇట్లు,
మీ అన్నయ్య