ఆ ఎర్ర ముద్ర తీసెయ్

చిరంజీవికి,

నీ కథల కట్ట అందింది. అట్ట నమూనా చూశాక రెండు రోజులు పేజీ తిప్పబుద్ధి కాలేదు. నడిమధ్యన ఏటవాలుగా, ఎర్రగా 'నిషేధిత' అని ముద్ర! ఎవరు నిషేధించారయ్యా? నీ ఉత్తరంలో నువ్వే రాశావు: వారపత్రిక రెండు కథలు తిప్పి పంపింది, లైబ్రరీ వాళ్లు ఆవిష్కరణకు హాలు ఇవ్వలేదు. కథ తిరిగి రావడం నిషేధమైతే నన్ను ఇరవై మూడుసార్లు నిషేధించారు. ఒక సంపాదకుడైతే నా కథ చివరి పేరా కోసేసి ఆ జాగాలో తలనూనె ప్రకటన వేశాడు. అడిగితే టీ తెప్పించాడు.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 'మాలపల్లి' జైల్లో రాశారు. 1922లో అచ్చయింది, ఆ వెంటనే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో వదిలారు. తర్వాత అదే పాఠ్యపుస్తకం అయింది. 1936లో మళ్లీ నిషేధం, 1937లో ఎత్తివేత. అదే పుస్తకం, ఒకసారి పిల్లాడి సంచిలో, ఒకసారి పోలీసు సంచిలో.

చట్టం ఎప్పుడైనా చదివావా? రాష్ట్ర ప్రభుత్వం కారణాలు చెప్పి నోటిఫికేషన్ ఇస్తే ప్రతులన్నీ జప్తు. దేశంలో ఎక్కడ కనబడినా పోలీసులు పట్టుకోవచ్చు. రెండు నెలల్లోగా హైకోర్టుకు వెళ్తే ముగ్గురు జడ్జీలు వింటారు. రచయిత ధైర్యవంతుడా, పిరికివాడా అన్న ఊసే లేదు. గొడవంతా ప్రతులతోనే. నేను నలభై ఏళ్లుగా మొత్తుకునేదీ ఇదే. నిషేధం రాసినవాడికి తగిలించే పతకం కాదు, చదివేవాడి చేతిలోంచి పుస్తకం లాక్కోవడం.

ఒక్కోసారి లాక్కునేవాడు కూడా అక్కర్లేదు. సల్మాన్ రష్దీ నవల 'ది సటానిక్ వెర్సెస్' దిగుమతిని 1988లో ఆపారు కదా. ఆ నోటిఫికేషన్ చూపించమని ఒక పాఠకుడు కోర్టుకెక్కితే అధికారులు చూపలేకపోయారు. అది లేనట్టే అనుకోవాలని 2024లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ముప్పై ఆరేళ్లు! కాగితం ఎక్కడుందో తెలియదు, భయం మాత్రం పుస్తకాల షాపు కౌంటర్ వెనక భద్రంగా ఉంది.

నవ్వకు, నా సంగతీ అంతే. ఎమర్జెన్సీలో నా మొదటి కవితల పుస్తకం అయిదు వందల ప్రతులు వేయించాను. నిషేధిస్తారని ఒకటే టెన్షన్. నిజం చెప్పాలంటే కొంచెం ఆశ కూడా. నాలుగు వందలు గోనెసంచుల్లో కట్టి అటకెక్కించాను. గుమ్మంలో సైకిల్ చప్పుడైతే అమ్మ పొయ్యి దగ్గర్నుంచి నా మొహం చూసేది. పోలీసులు రాలేదు. ఎమర్జెన్సీ పోయాక దింపితే సగానికి పైగా ఎలుకలు కొరికేశాయి, మిగిలినవి చెదలు పట్టాయి. వాటిని నాలుగు వందల మంది చదవకుండా ఆపింది ఏ సర్కారూ కాదు.

నీ ఆరో కథలో ముసలామె బస్సు దిగాక కూడా టికెట్ కొంగున ముడేసుకుంటుంది చూడు, అక్కడ ఆగిపోయాను. ఆ కథను మొదట పెట్టు. ముందుమాట పీకేయ్, అందులో నువ్వే ఎక్కువున్నావు.

అట్ట మార్చి మళ్లీ పంపు. ఈసారి పోస్టులో పంపు, బస్సులో వేస్తే మూలలు నలిగిపోతున్నాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు