ఇంటికొచ్చినా లారీ క్యాబిన్‌లోనే పడుకుంటున్నారు

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. మావారికి 39 ఏళ్లు. చేపల లోడుతో హౌరా వెళ్లే లారీకి డ్రైవరు. ఏడాదిగా ఇంట్లో మాటలు బాగా తగ్గించేశారు. ఇంటికొచ్చిన రోజున కూడా రోడ్డు వార ఆపిన లారీ క్యాబిన్‌లోనే పడుకుంటున్నారు. పిల్లలు కాస్త అల్లరి చేస్తే కేకలేస్తున్నారు. మొన్న ‘నేను లేకపోయినా ఇన్సూరెన్స్ డబ్బులు వస్తాయిలే’ అన్నారు. ఆయనకు మా మీద మనసు విరిగిపోయిందా? నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన ఇన్సూరెన్స్ మాట గురించే ముందు చెప్తాను. దాన్ని విసుగులో అన్న మాటగా వదిలేయకండి. తాను లేకపోతేనే ఇంటికి మేలు అని మనిషికి అనిపించడం మొదలైందంటే, అది ప్రమాదపు సూచన. ఆయన ఇంటికి రాగానే, పిల్లలు దగ్గర లేనప్పుడు, ‘చనిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది భయపడతారు గానీ, అది నిజం కాదు. ఎవరో ఒకరు అడిగినందుకు గుండె బరువు దిగి ఏడ్చేసిన మగవాళ్లను నేను చూశాను. అవునని ఆయన అంటే మాత్రం తర్వాతి లోడుకు పంపకండి, ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఆ రోజే బయటికి చేర్పించండి. వెంటనే విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. దారిలో ఉండగా ఆ మాట అంటే, బండిని పక్కకు ఆపించి, తోటి డ్రైవరుకు విషయం చెప్పి, తాళాలు ఆ తోటి డ్రైవరునే తన దగ్గర పెట్టుకోమనండి.

ఇక మనసు విరిగిందా అన్న మీ అనుమానం. మీరు రాసినదాన్ని బట్టి నాకు అలా అనిపించడం లేదు. ఆయన పని ఎలా సాగుతుందో ఒక్కసారి ఆలోచించండి. చేప ఐసులో ఉంటుంది, ఐసు కరిగేలోగా వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం దాటి మార్కెట్టుకు చేరాలి, ఆలస్యమైతే ధర పడిపోతుంది, ఆ మాట పడాల్సింది డ్రైవరే. పేరుకు ఇద్దరు డ్రైవర్లు ఉన్నా, ఒకరు స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ఇంకొకరు వెనక బెర్తు మీద నిద్రలో ఉంటారు. ఒకే క్యాబిన్‌లో రెండు రోజులు గడిపి కూడా ఆ ఇద్దరూ పట్టుమని పది మాటలు మాట్లాడుకోరు. వెనకటి రోజుల్లో క్లీనరు కుర్రాడైనా ఉండేవాడు; ఇప్పుడు ఖర్చు తగ్గించుకోవడానికి చాలా బళ్లలో ఆ మనిషినీ తీసేశారు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం అప్పట్లోనే డ్రైవరుకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని చెప్పింది. 1988 మోటారు వాహనాల చట్టమూ అవే పనివేళలను ఖరారు చేసింది. మీ ఆయన ఎన్ని గంటలు నడుపుతున్నారో మీకే బాగా తెలుసు.

మన శరీరంలోని గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు గంటల మధ్య ఒళ్లంతా నిద్ర కోరుతుంది, సరిగ్గా అప్పుడే ఆయన కళ్లు తెరుచుకుని ఉండాలి. పగలు పడుకుంటే నిద్ర లోతుగా పట్టదు, త్వరగా తెగిపోతుంది. నెలల తరబడి ఇలా జరిగితే కోపం ముక్కు మీదికి వస్తుంది, ఇష్టమైనవి రుచించవు, మాట్లాడాలంటేనే బరువనిపిస్తుంది. దీన్ని కుంగుబాటు అంటాం. ఇది గుణం చెడిపోవడం కాదు, మందులకూ మాటలకూ లొంగే జబ్బు. క్యాబిన్‌లో పడుకోవడం కూడా మిమ్మల్ని తప్పించుకోవడానికి కాకపోవచ్చు. ఆయనకు అలవాటైన చీకటి, అలవాటైన బెర్తు అక్కడున్నాయి. ఇంట్లో పగటిపూట టీవీ, కుక్కరు విజిల్, వచ్చేపోయే చుట్టాలు. పైగా మన గురించి ఏమీ తెలియని మనుషుల మధ్యకు వచ్చినట్టు, సొంతింట్లోనే ఆయనకు కొత్తగా అనిపిస్తూ ఉండొచ్చు. మీరు ఆయన లేకుండా ఇల్లు నడపడం నేర్చుకున్నారు, అది మీ తప్పు కాదు. కానీ తన అవసరం లేదని ఆయన అనుకోవడానికి అది చాలు.

అందుకే ముందు నిద్ర సంగతి చూడండి. ఒక గదికి కిటికీలు దుప్పట్లతో మూసేసి, ఆయన నిద్రపోయే ఏడెనిమిది గంటలూ ఎవరూ తలుపు తట్టకుండా చూడండి. నిద్ర కోసం మందు తాగే అలవాటుంటే, అది కునుకు పట్టించినా నిద్రను చెడగొడుతుందని చెప్పండి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం కొనవద్దు. వైద్యుణ్ని కలిసినప్పుడు తాను రాత్రిళ్లు లారీ నడుపుతానని మొదటే చెప్పాలి, మత్తు కలిగించే మందులను, వేసుకునే వేళలను దాన్ని బట్టే నిర్ణయిస్తారు. గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడి లేస్తుంటే అదీ చెప్పండి.

ఆసుపత్రికి రానంటే 14416 నంబరు ఇవ్వండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ ఇది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. అర్ధరాత్రి ధాబా దగ్గర బండి ఆపుకుని, తెలిసినవాళ్ల కంట పడకుండా మాట్లాడుకోవచ్చు. పరువు గురించి పట్టింపు ఉన్న మనిషికి ఇది ఆసుపత్రి మెట్లెక్కడం కంటే సులువు.

ఫోన్ విషయంలో ఒక మాట. బండి నడుపుతున్నప్పుడు చేయకండి. ఆయన భోజనానికి ఆగే వేళ కనుక్కుని, రోజూ అప్పుడే మాట్లాడండి. ఆ పది నిమిషాల్లో ఫైనాన్స్ వాయిదాలు, ఫీజులు ఎత్తకండి. వాటికి ఇంటి దగ్గర ఒక పూట కేటాయించుకుని, ఆ లెక్కలు ఇద్దరూ కాగితం మీద వేసుకోండి. పిల్లాడు బడిలో ఏం చేశాడో వాణ్నే చెప్పనివ్వండి. ఇంటి విషయాల్లో చిన్నదైనా సరే, ఒకటి ఆయన నిర్ణయానికే వదిలి, ఆయన చెప్పాకే చేయండి.

ఈసారి ట్రిప్పు దిగి ఆయన క్యాబిన్‌లోనే ఉండిపోతే, ‘ఇంట్లోకి ఎందుకు రారు’ అని నిలదీయకండి. క్యారియర్‌లో అన్నం సర్దుకుని మీరే వెళ్లి పక్క సీట్లో కూర్చుని, ఇద్దరూ అక్కడే తినండి. ఇన్సూరెన్స్ మాట గురించి అడగడానికి అంతకంటే మంచి చోటు మీకు దొరకదు. ఆయన ఏమన్నారో నాకు మళ్లీ రాయండి.