హాకీ కోచ్ అవుతానంటోంది, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: మేం కాల్గరీలో ఉంటాం. మా అమ్మాయి పదకొండో గ్రేడ్ చదువుతోంది. ఐస్ హాకీలో అండర్-18 టీమ్‌కి డిఫెన్స్ ఆడుతుంది. ఆడినన్నాళ్లు ఆడి తర్వాత కోచ్ అవుతానంటోంది. మావారు కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకో మాట విననంటున్నారు. ఇంట్లో రోజూ గొడవే. ఈ దారిలో బతుకుదెరువు ఉందా?

జవాబు: ఉందమ్మా. కానీ ‘ఆడినన్నాళ్లు ఆడి తర్వాత’ అంటోంది చూశారూ, నా పేచీ అక్కడే. కోచింగ్ అనేది ఆట మానేశాక అందరికీ వచ్చే పెన్షన్ కాదు. బాగా ఆడినవాళ్లందరికీ అది అబ్బదు కూడా. హాకీలో మహా ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ అంతటివాడు 2005 నుంచి 2009 దాకా ఫీనిక్స్ కయోటీస్ టీమ్‌కి హెడ్ కోచ్‌గా ఉంటే, ఆ టీమ్ ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కి, అంటే కప్పు కోసం ఆడే చివరి పోటీలకి చేరలేదు. ఇంకో కోచ్ జారెడ్ బెడ్నార్ ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఉత్తర అమెరికాలోని అతి పెద్ద మగవాళ్ల హాకీ లీగులో, ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. చిన్న లీగుల్లో ఆడి, అక్కడే అసిస్టెంట్‌గా మొదలుపెట్టి, మెట్టుమెట్టూ ఎక్కి 2022లో కొలరాడో అవలాంచ్ టీమ్‌ని ఆ లీగు కప్పు స్టాన్లీ కప్ గెలిపించాడు.

మీ అమ్మాయి మాత్రం జెస్సికా క్యాంప్‌బెల్ దారిని శ్రద్ధగా చూడాలి. కార్నెల్ యూనివర్సిటీ టీమ్‌కి ఆడింది, 2015 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కెనడా జట్టుతో వెండి పతకం తెచ్చుకుంది. ఆట ఆపేశాక స్కేటింగ్ నేర్పడాన్నే వృత్తిగా పెట్టుకుంది. కోవిడ్ రోజుల్లో ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లే ఆమె దగ్గర ప్రాక్టీస్ చేశారు. తర్వాత జర్మనీలోని న్యూరెంబర్గ్ క్లబ్, 2022 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జర్మనీ పురుషుల జట్టు, ఆ ఏడాదే అమెరికాలో కోచెల్లా వ్యాలీ ఫైర్‌బర్డ్స్ టీమ్, 2024లో ఎన్‌హెచ్‌ఎల్ టీమ్ సియాటిల్ క్రాకెన్, ఇలా ఒక్కోచోటా కోచింగ్ చేస్తూ వచ్చింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఫుల్‌టైమ్ అసిస్టెంట్ కోచ్ అయిన మొదటి మహిళ ఆమే.

ఆమెకు తలుపు తెరిచింది మగవాళ్ల లీగులో ఆడిన పేరు కాదు, చేతిలో ఉన్న పని. డిఫెన్స్ ఆడేవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. వెనక్కి స్కేట్ చేస్తున్న పిల్ల, ఎదుటి ఫార్వర్డ్ పక్కనుంచి దూసుకుపోతుంటే ఒక్కసారిగా ముందుకు తిరగాలి. అక్కడ తడబడుతుంది. గ్యాలరీలో కూర్చున్న మనం ‘స్పీడు లేదు’ అనేస్తాం. స్కేటింగ్ కోచ్ మోకాలు చూస్తుంది. మోకాలు వంగలేదా, బరువు వెనక కాలి మీదే ఉండిపోయిందా, బ్లేడుకున్న రెండు అంచుల్లో ఏది మంచును పట్టుకుంది? అది కనిపెట్టి, పదేళ్ల పిల్లకి అర్థమయ్యేలా రెండు ముక్కల్లో చెప్పగలిగితే కోచ్ అయినట్టే.

మీ అమ్మాయికి ఆ చూపు ఉందో లేదో ఈ సీజన్‌లోనే తేలిపోతుంది. మీ అసోసియేషన్‌లో అండర్-9 పిల్లల ప్రాక్టీసుకి సాయంగా వెళ్లమనండి. జీతం ఉండదు, పిల్లల హాకీలో కోచ్‌లు చాలామంది వాలంటీర్లే. హాకీ కెనడా కోచ్ సర్టిఫికేషన్‌లో మొదటి మెట్టుకి తన వయసులో చేరవచ్చేమో హాకీ అల్బర్టాని అడగండి. రెండు నెలలయ్యాక తన మ్యాచ్ గురించే చెబుతోందో, ఆ పిల్లల్లో ఎవరు ఏం నేర్చుకున్నారో చెబుతోందో గమనించండి. నేనైతే మార్కుల కన్నా దీన్నే నమ్ముతాను.

డబ్బు సంగతి దాచను. మహిళల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్ఎల్ 2024 జనవరిలో మొదలైంది. మొదటి సీజన్‌లో కనీస జీతం 35,000 డాలర్లు. ఆటగాళ్ల జీతాలే అలా ఉన్నాయి. కోచ్‌లకు స్కిల్స్ అకాడమీలు, యూనివర్సిటీ టీమ్‌లు, జూనియర్ టీమ్‌ల దగ్గర జీతం దొరుకుతుంది, కానీ ఊళ్లు మారాలి, టీమ్ ఓడితే మూటాముల్లే సర్దుకోవాలి. క్యాంప్‌బెల్‌తో పాటు క్రాకెన్‌కి వచ్చిన హెడ్ కోచ్ డాన్ బైల్స్మాను ఒక్క సీజన్‌కే సాగనంపారు. ఆమె నిలబడింది.

అందుకే డిగ్రీ విషయంలో మీవారి మాటను నేను కొట్టిపారేయను. యూనివర్సిటీ ఆఫ్ కాల్గరీలో కినీసియాలజీ, అంటే శరీర కదలికల శాస్త్రం ఉంది, ఆ యూనివర్సిటీ టీమ్ డైనోస్ కూడా ఊళ్లోనే ఉంది. 2023లో దేశవ్యాప్త టైటిల్ గెలిచిన మౌంట్ రాయల్ యూనివర్సిటీ మహిళల టీమ్ కూడా మీ ఊరిదే. కంప్యూటర్ సైన్స్ తీసుకున్నా హాకీకి దూరమేం కాదు. క్రాకెన్ హాకీ విభాగంలో మొట్టమొదట తీసుకున్న ఉద్యోగి అలెగ్జాండ్రా మాండ్రికీ. ఆమె చదివింది ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్, చేసిన పని గణాంకాల విశ్లేషణ. 2022లో అదే క్లబ్‌కి అసిస్టెంట్ జనరల్ మేనేజర్ అయింది. ఈ సంగతి మీవారికి చదివి వినిపించండి.

అమెరికా వెళ్లాలనుకుంటే రెండు విషయాలు. కార్నెల్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీలు ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వవు, కుటుంబ ఆదాయం చూసి సాయం చేస్తాయి. కాబట్టి ‘స్కాలర్‌షిప్ ఖాయం’ అని చెప్పే ఏజెంట్లను నమ్మి డబ్బు కట్టకండి. ఇక అమెరికా యూనివర్సిటీల ఆటలను నడిపే ఎన్‌సీఏఏలో పై స్థాయి డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో వాళ్లు ఒప్పుకునే 16 కోర్ సబ్జెక్టులు పూర్తిచేయాలి. ఏ సబ్జెక్టులు లెక్కలోకి వస్తాయో, ఇంకా ఎన్ని మిగిలాయో స్కూల్ కౌన్సిలర్ దగ్గర కూర్చుని ఈ నెలలోనే సరిచూసుకోండి. పన్నెండో గ్రేడ్‌లో టైంటేబుల్ తేలిగ్గా ఉంటుందని లెక్కలు వదిలేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి.