టిక్కీలో నిమ్ము, కోకోపీట్‌లో ఉప్పు: ఎగుమతులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నమస్కారం సార్. మాది నిజాంపేట. నేనూ మావారూ ఉద్యోగాలు చేస్తున్నాం. షార్జాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు అక్కడ ఎండుమిర్చి కొనేవాళ్లు ఉన్నారని, ముందు ఒక కంటైనర్ పంపమని అంటున్నాడు. బేగంబజారులో అడిగితే ఒక రేటు చెప్పారు. గుంటూరు బ్రోకర్ ఒకాయన వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి, అంతకంటే తక్కువకే ఇస్తాను, రెండు లక్షలు అడ్వాన్స్ వేయండి అంటున్నాడు. ఎక్కడ కొంటే మంచిది? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అడ్వాన్స్ వేయకండి. ఆ ముక్క ముందే చెప్పేశాను కాబట్టి మిగతాది నింపాదిగా మాట్లాడుకుందాం.

ముందు మీ అన్నయ్యను సరిగ్గా ఏం కావాలో రాసి పంపమనండి. ‘ఎండుమిర్చి’ అంటే ఆర్డరు కాదు. తేజ కావాలా, సన్నం కావాలా, బాడిగ కావాలా? తేజది ఘాటు. బాడిగది రంగు. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉంది, కారం తేజ కంటే బాగా తక్కువ. తొడిమతో పంపాలా, తొడిమ తీసి పంపాలా? తాలు కాయ, అంటే రంగు పోయి తెల్లబడిన కాయ, ఎంత శాతం వరకు ఒప్పుకుంటారు? ఇవేవీ తెలియకుండా బ్రోకర్ చెప్పిన రేటు తక్కువో ఎక్కువో ఎలా తేలుస్తారు?

బేగంబజారు ఇంటికీ హోటల్‌కీ కొనడానికి మంచి చోటే. నేను మల్కాజిగిరి వచ్చాక పచ్చడి మిరపకాయలు అక్కడే కొంటున్నాను. కానీ అక్కడికి చేరేసరికి సరుకు రెండు మూడు చేతులు మారుతుంది, వేర్వేరు లాట్లు కలిసిపోతాయి. ఎగుమతికి అది పనికిరాదు. ల్యాబ్‌లో పరీక్షించిన లాటే కంటైనర్‌లోకి ఎక్కాలి. అందుకని గుంటూరు యార్డుకే వెళ్లండి, చేతిరుమాలు మరిచిపోవద్దు. కొత్త కాయ ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆ తర్వాత దొరికేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన సరుకు, యార్డులో ‘ఏసీ కాయ’ అంటారు. రంగు నిలిచి ఉంటే ఏసీ కాయ తీసుకోవడంలో తప్పేమీ లేదు. కొత్త కాయని చెప్పి ఏసీ కాయ అంటగడితేనే పేచీ.

అసలు చూడాల్సింది నిమ్ము. గుంటూరులో ఒక ఎగుమతి ఆఫీసు తరఫున సరుకు కొన్న రోజుల్లో నేను రంగు కంటే ముందు దీన్నే చూసేవాణ్ణి. బాగా ఎండిన కాయ పెళుసుగా ఉంటుంది, టిక్కీల్లో, అంటే మిర్చి బస్తాల్లో, తొక్కితే విరిగిపోతుంది. విరక్కుండా కొందరు నీళ్లు చల్లుతారు. కాయ మెత్తబడుతుంది, తూకమూ పెరుగుతుంది! ఆ నీళ్లతోనే కంటైనర్‌లో పెట్టి మూస్తే, లోపలి వేడికి ఆవిరి పైకప్పుకు పట్టి మళ్లీ టిక్కీల మీదే కారుతుంది. అవతల తలుపు తీసేసరికి బూజు. అందుకని పది పదకొండు శాతానికి మించి నిమ్ము ఉండకూడదని కొనుగోలు కాగితంలోనే రాయించండి. మీటరు పెట్టేటప్పుడు టిక్కీ పైపైన కాకుండా మధ్యలోంచి కాయ తీయించండి. ఆ కాయను పిడికిట్లో ఊపితే గింజలు గలగలమనాలి.

బూజు కంటికి కనిపిస్తే నయమే, పక్కన పడేస్తాం. కనిపించని బాధ అఫ్లటాక్సిన్. కళ్లంలో ఉత్త నేల మీద ఆరబోసినప్పుడు, ఆరబోతలో వాన పడినప్పుడు పట్టే శిలీంధ్రం వదిలే విషం అది. వేయించినా దంచినా పోదు. యూరప్ వాళ్లు మసాలా దినుసుల్లో అఫ్లటాక్సిన్ బి1 కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటితే సరుకు తిప్పి పంపేస్తారు. 2003లో ఫ్రాన్సులో మన కారంలో సుడాన్ అనే నిషిద్ధ రంగు బయటపడి గొడవ అయ్యాక, మసాలా ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ స్పైసెస్ బోర్డు ఆ రంగు పరీక్షను తప్పనిసరి చేసింది. బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది. టార్పాలిన్ల మీద ఆరబెట్టి, ఏ మందు ఎప్పుడు కొట్టారో పుస్తకంలో రాసే రైతు ఉత్పత్తిదారుల సంఘం దొరికితే, క్వింటాకు కాస్త ఎక్కువైనా వాళ్ల దగ్గరే కొనండి. శాంపిల్ పరీక్షకు పోయాక ఆ టిక్కీలకు మీ గుర్తు వేయించి విడిగా పెట్టించండి. మీ బ్రోకర్‌ను ఇదే అడగండి: ‘ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా లాటు ఆపి ఉంచుతారా, డబ్బు అప్పుడే ఇస్తాను’ అని. ఒప్పుకుంటే మనిషి వ్యాపారస్తుడే. ఫొటోలే పంపుతూ ఉంటే ఫోన్ పెట్టేయండి.

కాగితాల పని మీరు భయపడేంత లేదు. ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతుల కోడ్, ఆన్‌లైన్‌లో 500 రూపాయలు, మీ పాన్ నంబరే ఆ నంబరు. మిర్చికి స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ కావాలి, ఫుడ్ లైసెన్స్ కావాలి. జీఎస్టీ ఉన్న వ్యాపారి దగ్గర ఎగుమతి కోసమే కొంటున్నామని చెబితే 0.1 శాతం పన్నుతో బిల్లు ఇవ్వొచ్చు, కానీ బిల్లు తేదీ నుంచి 90 రోజుల్లో సరుకు దేశం దాటాలి. ఈ షరతుల వివరాలు మీ ఆడిటర్‌తో ముందే చూసుకోండి. సరుకు హైదరాబాద్ తెప్పించుకునే పని లేదు. గుంటూరులోనే కంటైనర్ నింపి నేరుగా రేవుకు పంపించొచ్చు.

ఇక మీ అన్నయ్య సంగతి. ఆయన చుట్టం, కొనేవాడు కాదు. కొనేవాడి కంపెనీ పేరు, లైసెన్స్ అడగండి. మొదటి ఆర్డరుకు ముప్పై శాతం ముందుగా బ్యాంకులో పడాలి, మిగతాది బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కినట్టు ఇచ్చే రసీదు) కాపీ చూపగానే రావాలి. కుదరదంటే ఎల్‌సీ, అంటే డబ్బు ఇస్తామని ఆయన బ్యాంకు ఇచ్చే హామీ పత్రం, తెరవమనండి. చుట్టరికం పోతుందని మొహమాట పడితే డబ్బూ చుట్టరికమూ రెండూ పోతాయి.

ప్రశ్న: మా తాతగారి ఊరు అంబాజీపేట దగ్గర. పీచు మిల్లుల పక్కన కొబ్బరి పొట్టు గుట్టలుగా పడి ఉంటోంది. దాన్ని దిమ్మలు చేసి కోకోపీట్‌గా పంపొచ్చా?
– దిల్‌సుఖ్‌నగర్ నుంచి

జవాబు: పంపొచ్చు బాబూ, కానీ గుట్ట మీద పొట్టును అలాగే అచ్చు వేస్తే ఎవరూ కొనరు. డొక్కలోనే పొటాషియం, సోడియం లవణాలు ఉంటాయి. వాటిని కొలిచే లెక్కను ఈసీ (ఎలక్ట్రికల్ కండక్టివిటీ) అంటారు. మొక్కలు పెంచేవాళ్లు ఎక్కువగా 0.5 మిల్లీసీమెన్స్ లోపు అడుగుతారు. అంటే మంచినీళ్లతో బాగా కడగాలి, జల్లెడ పట్టాలి, సిమెంటు కళ్లంలో ఎండబెట్టాలి. నీటి వసతి, ఎండ తగిలే పెద్ద స్థలం, మూడో పక్క మిషను ఖర్చు. వానాకాలంలో ఆరదు కాబట్టి ఆ నెలల ఆర్డర్లకు వేసవిలోనే నిల్వ చేసుకోవాలి. కొనేవాళ్లు మామూలుగా అడిగేది ఐదు కిలోల దిమ్మ. తడిపితే డెబ్బై లీటర్లకు పైగా ఉబ్బాలి. ఉబ్బకపోతే పీచో మట్టో కలిసిందని పట్టేస్తారు. ముందు ఒక బస్తా కడిగి, ఈసీ కొలిపించి చూడండి. కాయిర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం రాజమండ్రిలో ఉంది, మిషన్ల సంగతి అక్కడ అడగండి.

ప్రశ్న: పలాస జీడిపప్పు అడిగితే ‘డబ్ల్యూ 320’ అంటున్నారు. ఏమిటది? కాయ పలాసదేనా?
– ఉప్పల్ నుంచి

జవాబు: ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 పలుకులు తూగే తెల్ల పప్పు అది. అంకె తగ్గేకొద్దీ పలుకు పెద్దది, ధర ఎక్కువ. పలాస ఫ్యాక్టరీల్లో ఆడే గింజల్లో ఆఫ్రికా నుంచి వచ్చినవీ చాలా ఉంటాయి. పలాస పనివాళ్ల చేతి నేర్పు వల్ల పప్పు బాగానే ఉంటుంది. కానీ ఇక్కడ పండిన కాయే కావాలని మీ కొనుగోలుదారు అడిగితే, ఫ్యాక్టరీ దగ్గర గింజ కొన్న బిల్లు చూశాకే ఆర్డరు ఒప్పుకోండి.